డైవర్ డౌన్ (వాన్ హేలెన్, 1982): పన్నెండు ట్రాకుల్లో అయిదు అరువు పాటలు. ఏది నిలిచింది, ఏది తేలిపోయింది?

రెండోవైపు:
అమెరికన్ హార్డ్ రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ అయిదో ఆల్బమ్ "డైవర్ డౌన్" మాట ఎత్తగానే "సగం కవర్లే (ఇతరుల పాటలే) కదా" అని ఒకరు, "ఆ గిటార్ చాలదా" అని ఇంకొకరు అనేసి వెళ్లిపోతుంటారు. ఈసారి నిమిషాలు లెక్కపెట్టి మాట్లాడుకుందాం.

మొత్తం నిడివి 31:04. కవర్లు ఇవి: కింక్స్ వాళ్ల "వేర్ హావ్ ఆల్ ది గుడ్ టైమ్స్ గాన్" 3:02, రాయ్ ఆర్బిసన్ "ప్రెట్టీ వుమన్" 2:53, మార్తా అండ్ ది వాండెల్లాస్ "డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్" 3:43, 1924 నాటి "బిగ్ బ్యాడ్ బిల్" 2:44, చివర్లో "హ్యాపీ ట్రెయిల్స్" 1:03. కలిపితే 13:25.

సొంతవాటిలో మూడు వాద్యపు ముక్కలు: "కెథీడ్రల్" 1:20, "ఇంట్రూడర్" 1:39, "లిటిల్ గిటార్స్" ముందుమాట 0:42. ఈ మూడూ తీసేస్తే గొంతు ఉన్న సొంత పాటలు నాలుగే: "హ్యాంగ్ ఎమ్ హై", "సీక్రెట్స్", "లిటిల్ గిటార్స్", "ది ఫుల్ బగ్". వాటి నిడివి 13:58. అంటే సొంత పాటలూ అరువు పాటలూ దాదాపు సరిసమానం. మొదటి ఆల్బమ్‌లో (1978) పదకొండింటిలో కవర్లు రెండు, రెండో ఆల్బమ్‌లో ఒకటి, మూడు, నాలుగింటిలో ఒక్కటీ లేదు. అక్కణ్ణుంచి ఒక్కసారిగా అయిదుకు ఎగబాకారు.

నా మాట: కవర్లు ఉండటం తప్పు కాదు. సొంతంగా చెప్పడానికి వీళ్ల దగ్గర బోలెడు ఉన్న రోజుల్లో ఆ చోటును అవి తినేశాయి, అదీ తప్పు. మీరేమంటారు?

పసాడెనా78:
లెక్క బాగుంది. అలా ఎందుకైందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే బ్యాండుకు అన్యాయం చేసినట్టే.

1981లో "ఫెయిర్ వార్నింగ్" వచ్చింది. అన్నీ సొంత పాటలే, చీకటిగా, బరువుగా ఉంటుంది. ముందు ఆల్బమ్‌లతో పోలిస్తే నెమ్మదిగా అమ్ముడైంది. ఆ టూర్ ముగిశాక కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుందామనుకున్నారు. ఈలోపు జనం మరిచిపోకుండా ఒక్క సింగిల్ వదిలితే చాలన్నది గాయకుడు డేవిడ్ లీ రాత్ ఆలోచన. రాత్ మొదట అడిగింది "డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్". ఆ పాటకు తగిన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరస) గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌కు అప్పట్లో తట్టలేదు, "ప్రెట్టీ వుమన్" చేద్దామన్నాడు. 1982 జనవరిలో వదిలారు. బిల్‌బోర్డ్ హాట్ 100లో 12వ స్థానం దాకా పోయింది. పాట ఎక్కేసరికి రికార్డు కంపెనీ వార్నర్ బ్రదర్స్ ఆల్బమ్ కావాలని పట్టుబట్టింది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజనీర్ డాన్ లాండీ. పన్నెండు రోజుల్లో రికార్డింగ్ అయిపోయింది. ఏప్రిల్‌లో ఆల్బమ్ విడుదల, 3వ స్థానం.

ఇప్పుడు మీ లెక్కనే తిరగేసి చూడండి. అయిదు కవర్లూ తీసేస్తే మిగిలేది 17:39. అది ఆల్బమ్ కాదు, ఈపీ (పొట్టి రికార్డు). పన్నెండు రోజుల్లో అంతకుమించి సొంత సరుకు తయారు కాలేదు. పైగా అందులో "హ్యాంగ్ ఎమ్ హై" కూడా కొత్తది కాదు, 1970ల డెమోల్లో "లాస్ట్ నైట్" అనే పేరుతో ఉన్న పాటకు మాటలు మార్చి కట్టింది. కాబట్టి కవర్లు చోటు తిన్నాయనడం కంటే, టైము లేక మిగిలిన ఖాళీని అవి నింపాయనడమే సబబు.

తీగెలమోత:
మీ ఇద్దరూ నిమిషాల లెక్కలో ఉండగానే అసలు సంగతి జారిపోతోంది. ఈ ఆల్బమ్‌లో కొత్తదనమంతా ఆ చిన్న ముక్కల్లోనే ఉంది. "కెథీడ్రల్" సంగతే తీసుకుందాం. కీబోర్డు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పూర్తిగా గిటారే.

పద్ధతి ఇది. ఎడమచేతి వేళ్లతో మెట్ల (ఫ్రెట్ల) మీద తీగను కొట్టి స్వరం పలికించాలి (హ్యామర్ ఆన్). కుడిచేత్తో మీటకూడదు. ఆ చేతి పని వాల్యూమ్ నాబ్ తిప్పడం ఒక్కటే. స్వరం పడే క్షణంలో నాబ్ సున్నా మీద ఉండాలి, వెంటనే పైకి తిప్పి తర్వాతి స్వరానికి మళ్లీ సున్నాకు దించాలి. తీగ మీద దెబ్బ వినబడదు కాబట్టి వయొలిన్ మీద కమాను మెల్లగా ఆనినట్టు, చర్చిలో ఆర్గన్ ఊదినట్టు స్వరం ఉబుకుతుంది. దాని వెనక కోరస్ (స్వరాన్ని చిక్కగా చేసే ఎఫెక్ట్), డిలే (ప్రతిధ్వని తెచ్చే ఎఫెక్ట్).

డిలే లెక్కే ప్రాణం. ప్రతిధ్వని ఒక్కసారే రావాలి, దాని గట్టితనం అసలు స్వరంతో సమానంగా ఉండాలి. వాయించేది ఎనిమిదో వంతు స్వరాలు (బీటుకు రెండు). ప్రతిధ్వని చుక్క పెట్టిన ఎనిమిదో వంతు (ముప్పావు బీటు) దూరంలో పడితే, రెండు స్వరాల మధ్య ఖాళీల్లో అది దూరి, పదహారో వంతుల ధార ఆగకుండా పారుతున్నట్టు వినిపిస్తుంది. సూత్రం: 60000ని టెంపోతో భాగించి, 0.75తో గుణించాలి. టెంపో 110 అయితే 409 మిల్లీసెకన్లు. ముందు 400 దగ్గర పెట్టుకుని చెవితో అటూ ఇటూ జరపండి.

మెట్లమీద:
తీగెలమోత గారూ, ఈ సెట్టింగులతోనే చేస్తే చాలాసార్లు అంతా కలగలిసి ముద్దగా వస్తుంది. ఎక్కడ పోతోందంటారు?

తీగెలమోత:
నాలుగు చోట్ల పోవచ్చు. ముద్ద అవడానికి సాధారణంగా కారణం డిలే మీద ఫీడ్‌బ్యాక్ నాబ్ (ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో చెప్పేది) ఎక్కువ ఉండటం. రెండో ప్రతిధ్వని వచ్చిందా, అది తర్వాతి స్వరం నెత్తిన పడుతుంది. ఆ నాబ్‌ను పూర్తిగా తగ్గించి, మిక్స్‌ను (ప్రతిధ్వని పాలును) సగానికి తెండి.

రెండోది డిస్టార్షన్ (స్వరాన్ని గరుకు చేసే ఎఫెక్ట్). డిలే ముందు, డిస్టార్షన్ తర్వాత వచ్చేలా కలిపితే అసలు స్వరం, ప్రతిధ్వని రెండూ కలిసి నలుగుతాయి. క్లీన్ టోన్‌తో మొదలుపెట్టండి, లేదా డిలేను ఆంప్ ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టండి. మరీ పొడిగా అనిపిస్తే అప్పుడు కొంచెం గెయిన్ చేర్చవచ్చు.

మూడోది నాబ్ సున్నాకు చేరకపోవడం. 2 దగ్గరే ఆగి మళ్లీ పైకి వెళ్తే హ్యామర్ దెబ్బ "టక్" మని బయటపడుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు నాబ్ అంచున ఆనించి, మణికట్టు కదపకుండా వేళ్లతోనే తిప్పాలి. స్ట్రాట్ లాంటి గిటార్‌లో నాబ్ తీగలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సులువు. లెస్ పాల్‌లో చెయ్యి చాలా కిందికి పోవాలి.

నాలుగోది పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) బిగువు. చాలా గిటార్లలో పాట్‌లో గ్రీజు గట్టిగా ఉండి వేలు అలిసిపోతుంది. తక్కువ రాపిడి ఉండే 500 కిలో ఓమ్ పాట్‌లు దొరుకుతాయి, ఎడ్డీ పేరుతో అమ్మే బోర్న్స్ పాట్ అలాంటిదే. పాత పాట్‌లోకి క్లీనర్ కొట్టి గ్రీజు కరిగించేవాళ్లున్నారు. వదులవుతుంది నిజమే, కానీ ఎక్కువ కొడితే పాట్ గరగరలాడుతుంది, తర్వాత నిలకడగా ఒకచోట ఆగదు. ఎడ్డీ వాయించినప్పుడే నాబ్ వేడెక్కి బిగుసుకుపోయిందని ఆయనే చెప్పాడు. ఒక నిమిషం ఇరవై సెకన్ల ముక్క కోసం పాట్ ఎన్ని వందలసార్లు తిరుగుతుందో చూసుకోండి.

ఇంకొకటి. ఈ ఆల్బమ్‌లో చాలాభాగం గిటార్ అర స్వరం కిందికి దించి ఉంటుంది. రికార్డుతో కలిపి వాయించేటప్పుడు ట్యూనర్ మీటర్‌ను పూర్తిగా నమ్మకండి, చివరి సర్దుబాటు చెవితోనే చేసుకోండి.

బేస్_గట్టు:
ఇంత వివరం చదివాక "కెథీడ్రల్" మీద గౌరవం పెరిగింది. కానీ ఆల్బమ్ అంటే వరస. "హ్యాంగ్ ఎమ్ హై" ఊపు మీద ఉండగా ఆ ముక్క వచ్చి ఆగిపోతుంది, తర్వాత "సీక్రెట్స్" ఇంకో లోకంలో మొదలవుతుంది. దేనికీ దేనికీ లంకె లేదు. రెండో వైపు మరీ అన్యాయం: మోటౌన్ (డెట్రాయిట్ సోల్ సంగీత కంపెనీ) పాట, ఫ్లెమెంకో ముక్క, పాప్ రాక్, పాతకాలపు జాజ్, బ్లూస్, కౌబాయ్ పాట. పదిహేను నిమిషాల్లో ఆరు రకాలు. విడివిడిగా కొన్ని బాగున్నాయి, కలిపితే అతుకుల బొంత.

డ్రమ్ముల_వీధి:
అతుకుల బొంతే, ఒప్పుకుంటాను. కానీ అన్ని అతుకులూ ఒక్క తీరువి కావు. కవర్ మంచిదా కాదా అన్నదానికి నా కొలత ఒక్కటే: మూల పాటలో లేనిది ఏదైనా చేర్చారా, చేర్చాక కూడా పాట నిలబడిందా?

"ప్రెట్టీ వుమన్" నెగ్గుతుంది. 1964 నాటి పాటలో ఆ రిఫ్ ఒక మెట్ల వరస: ఇ, జి షార్ప్, బి, డి, అంటే ఇ సెవెన్ తీగస్వరం పైకి ఎక్కడం. డిస్టార్షన్‌లో మూడు స్వరాలు ఒకేసారి మోగితే నలుగుతాయి. ఒక్కొక్క స్వరం వరసగా వస్తే మాత్రం ఇంకా బలంగా వినిపిస్తుంది. అందుకే ఈ రిఫ్ హార్డ్ రాక్‌కు పుట్టినట్టే ఉంటుంది. ఎడ్డీ దాన్ని మార్చలేదు, బరువు పెంచాడు, సందుల్లో హార్మోనిక్స్ (ఈల లాంటి సన్నటి స్వరాలు) చల్లాడు. డ్రమ్మర్ అలెక్స్ స్నేర్ డ్రమ్ము దెబ్బ మూల పాటలో లాగానే ప్రతి బీటుకూ పడుతుంది, అక్కడ తెలివి చూపించబోలేదు. అదే మంచిదైంది.

"గుడ్ టైమ్స్" పాసైందనవచ్చు, అంతే. కింక్స్ వాళ్లు 1965లో ఒక సింగిల్ వెనకవైపు పెట్టిన పాట. కింక్స్ గాయకుడు రే డేవిస్ గొంతులో ఉన్న అలసటే దాని అర్థం. రాత్ దాన్ని హుషారుగా పాడేస్తాడు, అర్థం ఎగిరిపోతుంది. మొదటి ఆల్బమ్‌లో కింక్స్ వాళ్లదే "యూ రియల్లీ గాట్ మీ" చేసినప్పుడు ఈ చిక్కు రాలేదు, అది మొత్తం రిఫ్ మీద నడిచే పాట కాబట్టి. ఇది మాటల మీద నడిచే పాట. పిక్ అంచుతో తీగలను గీసి చేసిన ఆ సోలో శబ్దాలు మాత్రం వినాల్సినవే.

"డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్" తప్పింది.

అరగంట_ఎల్పీ:
డ్రమ్ముల వీధి అన్నా, ఆఖరు మాట దగ్గర ఆగండి. ఆ మినీమోగ్ (సింథసైజర్) రిఫ్ ఈ ఆల్బమ్‌లోకెల్లా ముందుచూపున్న శబ్దం. రెండేళ్ల తర్వాత సింథ్ మీదే నడిచే వీళ్ల "జంప్"తో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

డ్రమ్ముల_వీధి:
శబ్దం గొప్పదే. నా బాధ కూడా అందుకే. ఆ రిఫ్‌ను ఎడ్డీ తన సొంత పాట కోసం పెట్టుకున్నాడు. రాత్, టెంపుల్‌మన్ దాన్ని ఈ కవర్ మీదికి ఎక్కించారు. ఎడ్డీ ఆ తర్వాత ఏళ్లపాటు దీని గురించి కోపంగా మాట్లాడాడు. ఇతరుల పాటతో హిట్ కొట్టడం కన్నా సొంత పాటతో దెబ్బతినడమే మేలన్నది ఆయన పంతం.

సంగీతం పరంగా ఎందుకు అతకలేదో చూడండి. మినీమోగ్ ఒకసారి ఒకే స్వరం పలికిస్తుంది. దానికి ఎకో తగిలిస్తే ఆ ఒక్క స్వరమే పరుగెత్తే తీగలా అల్లుకుపోతుంది. సందు ఉండదు. మోటౌన్ పాటకు ప్రాణం సందులే: బ్రాస్ పిలుపు, ఖాళీ, రెండు నాలుగు బీట్ల మీద దెబ్బ, ఖాళీ. జనాన్ని వీధిలోకి పిలుస్తున్న పాటలో కాలు వేయడానికి చోటు ఉండాలి. ఇక్కడ మూడు నిమిషాల నలభై మూడు సెకన్లూ ఎకో నిండిపోయి ఉంటుంది. కవర్లలో పొడుగైనది కూడా ఇదే. సొంత పాటకు దాచి ఉంటే ఆ రిఫ్ దాని తీరుకు తగ్గ రాగం తెచ్చుకునేది.

అరగంట_ఎల్పీ:
ఈ వాదన ఒప్పుకోక తప్పదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సింథ్ ఒక్కదాన్నే వెంబడించి వింటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వినే తీరు గురించి కూడా రెండు మాటలు. ఎల్పీలో మొదటి వైపు 15:47, రెండో వైపు 15:17. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటితే గాడులు ఇరుకు చేసి, మోత తగ్గించి కోయాలి. ఇక్కడ పదిహేనే కాబట్టి గాడులు విశాలంగా, గట్టిగా కోయడానికి వీలుంటుంది. నిడివి తక్కువన్న లోపమే వినైల్ మీద ఇలా కలిసొస్తుంది. పాత ఎల్పీ కొనేటప్పుడు రెండు వైపులా చివరి పాట దగ్గర, లేబుల్ పక్కన గీతలు చూడండి. మొదటి వైపు చివర "ప్రెట్టీ వుమన్" ఉంది, ఎక్కువసార్లు సూది దించిన చోటు అదే అయి ఉంటుంది.

ఫోన్లో వినేవాళ్లు షఫుల్ తీసేయండి. "ఇంట్రూడర్" నేరుగా "ప్రెట్టీ వుమన్"లోకి దిగుతుంది, "లిటిల్ గిటార్స్" ముందుమాట పాటలోకి దిగుతుంది. క్రాస్‌ఫేడ్ సున్నా, గ్యాప్‌లెస్ ఆన్. వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటే ఆల్బమ్ మోడ్‌లో పెట్టండి, ట్రాక్ మోడ్‌లో "కెథీడ్రల్" పక్క పాటల స్థాయికి పెరిగిపోయి దాని మెత్తదనం పోతుంది.

మెట్లమీద:
"ఇంట్రూడర్" అసలెందుకుంది? ఆల్బమ్ మొత్తంలో తీసేసినా లోటు రానిది అదొక్కటే అనిపిస్తుంది.

పసాడెనా78:
అది వీడియో కోసం పుట్టింది. "ప్రెట్టీ వుమన్"కు తీసిన వీడియో పాట కంటే పొడుగొచ్చింది. ఆ తేడా నింపడానికి రాత్ సింథ్ పట్టుకుని ఈ ముక్క కట్టాడు. వీడియోలో రాత్ నెపోలియన్, అలెక్స్ టార్జాన్, ఎడ్డీ కౌబాయ్, బేస్ వాయించే మైకేల్ ఆంథొనీ సమురాయ్. ఎమ్‌టీవీ దాన్ని నిషేధించింది. బొమ్మ లేకుండా వింటే నిమిషం నలభై సెకన్లు నిజంగా ఎక్కువే. అయితే ఆ బరువైన గందరగోళంలోంచి ఆర్బిసన్ రిఫ్ పుట్టుకొచ్చే క్షణం ఉంది చూశారూ, సింగిల్‌గా విన్నప్పుడు అంత దెబ్బ తగలదు.

తీగెలమోత:
ముందుమాటల సంగతి వచ్చింది కాబట్టి "లిటిల్ గిటార్స్" నలభై రెండు సెకన్ల గురించి చెప్పాలి. ఎడ్డీ ఫ్లెమెంకో విద్వాంసుడు కార్లోస్ మొంతోయాను విని, ఆ వేళ్ల పద్ధతి నేర్చుకునే బదులు పిక్‌తోనే అదే భ్రమ పుట్టించాడు. నైలాన్ తీగల గిటార్. కుడిచేయి సన్నటి మొదటి తీగ మీద ఆగకుండా పిక్‌తో వణికిస్తుంది, ఇంకే తీగనూ ముట్టదు. ఎడమచేయి మందపాటి తీగల మీద హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్‌లతో తనంతట తానే రాగం పలికిస్తుంది. ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది.

సాధన చేసేవాళ్లకు చెడేది రెండు చోట్ల. కుడి అరచేయి అలవాటు కొద్దీ మందపాటి తీగల మీద ఆనుతుంది, ఎడమచేయి పలికించినదంతా అక్కడే చచ్చిపోతుంది. అరచేతిని బ్రిడ్జి మీద నుంచి పూర్తిగా లేపి, చిటికెన వేలు గిటార్ చెక్క మీద ఆనించుకోండి. రెండోది, వణుకు వేగం ఎడమచేతి తాళంతో పాటు మారిపోతుంది. ముందు మొదటి తీగ ఒక్కటే రెండు నిమిషాలు నిలకడగా ఆడించి, తర్వాతే ఎడమచేయి చేర్చాలి.

ఇక అసలు పాట పేరు చిన్న గిటార్ నుంచే వచ్చింది. నాష్‌విల్‌లో డేవిడ్ పెట్చులాట్ తయారుచేసిన బుల్లి లెస్ పాల్. తీగ పొడవు తక్కువ కాబట్టి స్వరం సన్నగా, గలగలమంటూ వస్తుంది. నా లెక్కలో ఆల్బమ్ మొత్తానికీ ఉత్తమ పాట ఇది. రాత్ గొంతులో వెటకారం లేకుండా పాడిన అరుదైన పాటల్లో ఒకటి.

బేస్_గట్టు:
"లిటిల్ గిటార్స్" మీద నాకూ తగువు లేదు. "బిగ్ బ్యాడ్ బిల్"ను ఎవరైనా సమర్థిస్తారా? హార్డ్ రాక్ ఆల్బమ్‌లో అది సరదాకు పెట్టినట్టుంది.

రెండోవైపు:
దాన్ని నేను సమర్థిస్తాను. క్లారినెట్ వాయించింది ఎడ్డీ, అలెక్స్‌ల నాన్న జాన్ వాన్ హేలెన్. నెదర్లాండ్స్‌లో వృత్తి కళాకారుడు. 1962లో కుటుంబాన్ని తీసుకుని పసాడెనా వచ్చేశాడు. కొడుకుల తాళజ్ఞానం ఎక్కడిదో ఈ రెండు నిమిషాల నలభై నాలుగు సెకన్లలో తెలిసిపోతుంది. ఎడ్డీ కార్డులు వింటే బీటుకు ఒకటి చొప్పున, పొట్టిగా తుంచి వేస్తాడు. డిస్టార్షన్ లేకుండా ఆయన కుడిచేయి ఎంత శుభ్రంగా ఉంటుందో వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మొదటి ఆల్బమ్‌లోని "ఐస్ క్రీమ్ మ్యాన్" మొదట్లో వినిపించిన రాత్ పాత నాటక కంపెనీ ధోరణి కూడా ఇక్కడ కుదిరింది. అయిదు కవర్లలో వీళ్లు తప్ప ఇంకే హార్డ్ రాక్ బ్యాండూ ఇలా చేసి ఉండదనిపించేది ఇదే.

డ్రమ్ముల_వీధి:
సరే, అందరూ తమ వరస చెప్పండి. నాది: "డాన్సింగ్", "గుడ్ టైమ్స్" తీసేయాలి. 24:19 మిగులుతుంది. "ఇంట్రూడర్", "ప్రెట్టీ వుమన్"తో మొదలు. వెంటనే "హ్యాంగ్ ఎమ్ హై", "సీక్రెట్స్". "కెథీడ్రల్" మొదటి వైపు ముగింపు. రెండో వైపు "ది ఫుల్ బగ్"తో, రాత్ అకౌస్టిక్ గిటార్, హార్మోనికాలతో తలుపు తీసి, "బిగ్ బ్యాడ్ బిల్", "లిటిల్ గిటార్స్" రెండు భాగాలు, "హ్యాపీ ట్రెయిల్స్".

తీగెలమోత:
"కెథీడ్రల్"ను వైపు చివర పెట్టడం బాగుంది. ఆ ఆఖరి ప్రతిధ్వని తర్వాత నిశ్శబ్దం కావాలి, ఇప్పుడున్న వరసలో "సీక్రెట్స్" దాన్ని మింగేస్తోంది.

పసాడెనా78:
ఆరు నిమిషాల నలభై అయిదు సెకన్లు ఖాళీ అయ్యాయి. వార్నర్ వాళ్లు ఇంకో నెల ఆగి ఉంటే అక్కడ రెండు సొంత పాటలు పట్టేవి. వాటిలో ఒకటి ఆ మినీమోగ్ రిఫ్ మీద ఉండేది. ఈ గొడవ తర్వాతే ఎడ్డీ 1983లో ఇంటి దగ్గర 5150 స్టూడియో కట్టుకున్నాడు. అక్కడ చేసిన మొదటి ఆల్బమ్ "1984"లో కవర్ ఒక్కటీ లేదు.

మెట్లమీద:
ఫీడ్‌బ్యాక్ సున్నా, మిక్స్ సగం, డిలే 409, డిస్టార్షన్ తీసేసి "కెథీడ్రల్" మళ్లీ పట్టాను. ముద్ద విడిపోయింది. ఇప్పుడు పాట్ ఒక్కటే బిగువు.

తీగెలమోత:
పాట్ మార్చే ముందు నాబ్ లేపి చూడండి మెట్లమీద గారూ. చాలాసార్లు నాబ్ కింది అంచు పిక్‌గార్డ్‌కు రాసుకుంటూ ఉంటుంది. ఒక మిల్లీమీటరు పైకి లాగితే సగం బిగువు అక్కడే పోతుంది.